రెండు వేళ్ళ లూజు

కాదు, అన్నయ్య అన్నది అది కాదు. నాకు కళ్ళు పోయాయని అతను అనలేదు. "సాయంత్రం పూట ముదురు గుడ్డ మీద గీత నీకు సరిగ్గా ఆనుతున్నట్టు లేదురా, ఆ కాసేపూ కటింగు నేను చూస్తాలే" అన్నాడు. ఈ వాక్యాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు విప్పి మళ్ళీ కుట్టానో నాకే తెలీదు. ఏ వైపు నుంచి విప్పినా అందులో కత్తి దొరకదు. దొరకాలని చాలా వెతికాను.

ఆ సాయంత్రం మాత్రం వెతకవలసిన అవసరమే రాలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, "అంటే నాకు చూపు పోయింది, ఇక కత్తెర నీకప్పగించి నన్ను వీధిలోకి నడవమంటావు. అంతేగా?" అన్నాను.

అన్నయ్య మెడలో టేపు వేలాడుతోంది. దాని కొసలు రెండు చేతులతో పట్టుకుని, "నేనెప్పుడన్నాన్రా ఆ మాట?" అన్నాడు.

"నోటితో అనాలా ఏమిటి?"

"మరి దేంతో అంటారు?" అంది వదిన వెనక గదిలోంచి, కుడుతున్న గుండీ కాజా మీంచి తల ఎత్తకుండా.

నవ్వవలసిన చోటు అది. మామూలుగా అయితే ముగ్గురం నవ్వేవాళ్ళం. నేను నవ్వలేదు. వదిన ఆ మాట అన్నయ్య తరఫున అన్నదనుకున్నాను. వీళ్ళిద్దరూ ఈ సంగతి ముందే మాట్లాడుకుని ఉంటారని కూడా అనుకున్నాను. లేకపోతే అంత ఠక్కున జవాబెలా వస్తుంది?

ఆ వేసవి నాకు అక్కణ్ణుంచి మొదలవుతుంది. బడి పరీక్షలు అయిపోయి, మళ్ళీ బడి తెరిచేదాకా ఉండే తొమ్మిది వారాలు. మా ఏడాది పనిలో సగం ఆ తొమ్మిది వారాల్లోనే. బడి పిల్లల చొక్కాలన్నీ మేమే కుట్టేవాళ్ళం.

ఇల్లూ దుకాణమూ ఒకటే మాకు. వీధి వైపు గది దుకాణం. దాని వెనక రెండు గదులు, వంటిల్లు, కొళాయి ఉన్న చిన్న పెరడు. ఉండేది ముగ్గురం. వాళ్ళకు పిల్లలు లేరు, నాకు పెళ్ళి లేదు. పని కూడా ముగ్గురి మధ్యే. అన్నయ్య కొలతలు తీసి పైకి చెబుతాడు, నేను పుస్తకంలో రాసుకుని గుడ్డ కోస్తాను, ఇద్దరం కుడతాం, వదిన కాజాలు తీసి గుండీలు వేసి మడత పెడుతుంది. నాన్న పెట్టిపోయిన పద్ధతి ఒకటుంది. కొలిచేవాడు ఒంటి కొలతే చెప్పాలి, ఒక దారం కూడా ఎక్కువ చెప్పకూడదు. మనిషికి ఊపిరాడటానికి కావలసిన లూజు ఒక్కో పక్కకూ రెండు వేళ్ళు. దాన్ని కోసేవాడు వదలాలి. ఇద్దరూ వదిలితే చొక్కా గోనెసంచి అవుతుంది, ఇద్దరూ మానేస్తే గుండీ ఊడుతుంది. అందుకని బల్లకు అటుపక్క ఉన్నవాడి మాట మీద ఇటుపక్క ఉన్నవాడికి నమ్మకం ఉండాలి. నాన్న నమ్మకం లాంటి పెద్ద మాటలు వాడేవాడు కాదు. "చెప్పింది రాసుకో" అనేవాడు.

మర్నాడు పొద్దున్న బల్ల మీద నీలం సుద్ద లేదు. దాని చోట తెల్ల సుద్ద ఉంది, కొత్తది, అంచులు అరగనిది. బల్ల పైన వేలాడే దీపం ఒక జానెడు కిందికి దిగింది. నేను ముందు దీపం తీగ ముడి చూశాను. ఆ ముడి అన్నయ్యదే, ఎడమ చేతివాటం ముడి. నేను నిద్ర లేవకముందే స్టూలెక్కి వేసి ఉండాలి. ఎందుకు నేను లేవకముందు?

"సుద్ద ఎవరు మార్చారు?"

"నేనే" అన్నాడు అన్నయ్య. "నీలం గుడ్డ మీద నీలం సుద్దేమిటి, ఎవడికి కనిపిస్తుంది?"

"ఇన్నేళ్ళూ కనిపించింది."

"ఇన్నేళ్ళూ బూడిదరంగు గుడ్డరా. బడివాళ్ళు నీలం చేసింది ఈ ఏడేగా."

"ఓహో. గుడ్డ రంగు మారితే పని మర్చిపోయే రకాన్నన్నమాట."

"నీతో ఎలా మాట్లాడాలో తెలీటం లేదు నాకు."

"అంటే ఇక మాటలు కూడా బంద్ చేస్తానంటావు."

వదిన నా ముందు కంచం పెట్టింది. "ముందు తిను. తినమంటే, ఇన్నాళ్ళూ నన్ను పస్తు పెట్టారా అనకు."

అన్నయ్య నవ్వాడు. నేను అతని నవ్వును చూశాను. పెదవి ఎంత కదిలిందో, ఎంతసేపు ఉందో, ఆపేటప్పుడు వదిన వైపు చూశాడా లేదా. వదిన వైపు చూశాడు. నాకది చాలు.

అప్పట్లో నా లోపల ఏం జరిగేదో ఇప్పుడు కొంచెం చెప్పగలను. అన్నయ్య ఒక మాట అంటాడు. అది నా చెవిలో పడీ పడకముందే ఉబ్బటం మొదలుపెడుతుంది. నేను దాన్ని ఆపను. ఆపకపోవటంలో ఒక సుఖం ఉంది. అసలు మాట మెత్తగా, నీళ్ళలా ఉంటుంది, చేత్తో కొడితే తగలదు. అదే ఉబ్బి గట్టిపడితే కొట్టటానికి వీలుగా ఉంటుంది. నేను కొట్టేది అన్నయ్య మాటనేనని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. అబద్ధమాడుతున్నానని ఒక్కసారీ అనిపించలేదు.

మా పక్క కొట్టు ఇస్త్రీ చేసే ముసలాయనది. ఇప్పుడు కరెంటు పెట్టె వాడుతున్నా వీధంతా ఆయన్ని బొగ్గులాయన అనే పిలుస్తుంది. మధ్యాహ్నాలు ఆయన బల్లకానుకుని నిలబడితే ఊరి సంగతులన్నీ తెలుస్తాయి. వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన పెట్టె పక్కన పెట్టి గొంతు తగ్గించాడు.

"ఏమయ్యా, మీ అన్న నిన్ను నడివీధిలోకి గెంటేస్తున్నాడటగా?"

అయితే నిజమే. ఊరందరికీ తెలిసింది, నాకే తెలియలేదు.

"ఎవరన్నారు?"

"ఎవరేమిటి, నువ్వేగా! మొన్న ఇక్కడే నిలబడి చెప్పావు."

"నేను అలా అనలేదు. కత్తెర తీసుకుంటానంటున్నాడన్నాను."

"కత్తెర తీసుకుంటే ఇక మిగిలింది గెంటటమేగా?" అన్నాడు బొగ్గులాయన, చాలా సబబుగా. "మీ అన్నకి కూడా చెప్పాన్లే, తప్పు నాయనా, ఒక కడుపున పుట్టినవాళ్ళు, అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, 'వాడు నన్ను అంత దుర్మార్గుణ్ణి చేశాడా' అని వెళ్ళిపోయాడు."

నేనూ దుకాణంలోకి వచ్చేశాను. నా మాట నా దగ్గరికే తిరిగి వచ్చి నన్ను భయపెట్టిందని అప్పుడు ఆలోచించలేదు. అన్నయ్య 'నేను గెంటటం లేదు' అనకుండా వెళ్ళిపోయాడే, అని మాత్రం ఆలోచించాను. ఆ రోజంతా ఆ ఒక్కటే ఆలోచించాను.

ఆ వారమే పిల్లలు కొలతలకు రావటం మొదలైంది. కొలత ఇచ్చేటప్పుడు ఎవరూ మామూలుగా నిలబడరు. పెద్దవాళ్ళు పొట్ట లోపలికి లాక్కుంటారు, పిల్లలు ఛాతీ పొంగిస్తారు. ఊపిరి వదలమని అన్నయ్య ఎవరికీ చెప్పడు. చెబితే ఇంకా బిగబడతారట. టేపు చుట్టి పట్టుకుని, అంకె చెప్పకుండా ఊరికే ఆగుతాడు. ఎంతసేపని బిగబడతారు? వదిలినప్పుడు టేపు జారకుండా వేలు ఆనించి అంకె చెబుతాడు.

పళ్ళూడిన ఒక బక్క పిల్ల వచ్చింది. అలాంటి ఒళ్ళు నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇరవై ఆరు, మరీ అయితే ఒక నూలు ఎక్కువ.

"ఛాతీ ఇరవై ఏడు" అన్నాడు అన్నయ్య.

నేను తల ఎత్తాను. అతను టేపు అప్పటికే తీసేశాడు. ఇంతకు ముందు నెమ్మదిగా తీసేవాడు, నేను కావాలంటే చూసుకునేటట్టు.

ఇరవై ఏడు అని రాశాను. తర్వాత వచ్చిన పిల్లకు ఇరవై ఎనిమిది ఉండాలి, ఇరవై తొమ్మిది అన్నాడు. దాని తర్వాత ఇంకొకటి. ఒక్కొక్క అంగుళం. పొరపాటైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. ప్రతిసారీ అంగుళమే ఎక్కువ వస్తే అది పొరపాటు కాదు. అతను తప్పు అంకెలు చెబుతాడు, నేను అవి నమ్మి కోస్తాను, చొక్కాలు సంచుల్లా వేలాడతాయి, అప్పుడందరూ నా కళ్ళ వైపు చూస్తారు. ఇంత పకడ్బందీగా ఆలోచించగలడా అన్నయ్య? జేబులో పెన్సిలు పెట్టుకుని ఇల్లంతా పెన్సిలు కోసం వెతికే మనిషి. ఆ ప్రశ్న వచ్చింది. దాన్ని కూర్చోబెట్టి మాట్లాడించలేదు.

అడగవచ్చు. "ఏమిటన్నయ్యా, ఎక్కువ చెబుతున్నావు?" ఆరు మాటలు కూడా లేవు. నేను అడగలేదు. పుస్తకంలో అతను చెప్పిందే రాసి, గుడ్డ మీద అంగుళం తగ్గించి గీశాను. చొక్కా పిల్లకు సరిగ్గా అతికినట్టు వచ్చింది. కుట్టిన చొక్కాను అన్నయ్య బల్ల మీద పరిచి టేపు పెట్టి చూడటం తలుపు సందులోంచి చూశాను. చూసి, ఏమీ అనకుండా మడత పెట్టాడు. తన ఎత్తు పారలేదని తెలిసింది కదా, అనుకున్నాను.

మర్నాటి నుంచి అతను రెండంగుళాలు ఎక్కువ చెప్పటం మొదలుపెట్టాడు. నేను రెండు తగ్గించాను. తర్వాతి వారం మూడు. నేనూ మూడు. అన్ని చొక్కాలూ చక్కగా వచ్చాయి. అంత కచ్చితంగా నేను ఎప్పుడూ కోయలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా, ఎదురుబొదురుగా నిలబడి, పిల్లల ఒళ్ళ మీద పందెం ఆడినట్టు ఆడాం.

ఇంట్లో మాటలు కూడా అదే వరసలో నడిచాయి. అన్నయ్య మొదట్లో నా మాటల్ని సరిదిద్దేవాడు. తర్వాత అలిసిపోయాడు. తర్వాత నా దగ్గరే నేర్చుకున్నాడు.

"తలుపు కాస్త దగ్గరగా వెయ్యి, దుమ్ము వస్తోంది" అన్నాను ఒకరోజు.

"అవును, ఇంట్లో దుమ్మంతా నేనే పోస్తున్నాను. రోజూ బుట్టతో తెచ్చి నీ మంచం మీద కుమ్మరిస్తున్నాను."

"నేనన్నానా ఆ మాట?"

"నోటితో అనాలా ఏమిటి?" అన్నాడు అన్నయ్య.

వదిన చేతిలో చొక్కా పక్కన పెట్టింది. "మీ ఇద్దరూ ఒకళ్ళ మాటకొకళ్ళు ఎంత లూజు పెడుతున్నారో తెలుస్తోందా? ఆ మాటల్లో ఇంకో ఇద్దరు మనుషులు దూరచ్చు" అని పెరట్లోకి వెళ్ళింది. నేను ఆమె వెనక చూశాను. కొళాయి తిప్పిన చప్పుడు వచ్చింది కాని గిన్నెల చప్పుడు రాలేదు. ఊరికే నీళ్ళు వదిలి ఆమె ఏం చేస్తోందో అని చాలాసేపు ఆలోచించాను. ఏడుస్తుండవచ్చని అప్పుడు తట్టలేదు.

బడి తెరవటానికి మూడు వారాలుందనగా అన్నయ్య పెరటి గడపలో జారి చీలమండ బెణికించుకున్నాడు. ఆరో తరగతి పిల్లల కొలతలు ఇంకా మిగిలే ఉన్నాయి. నలభై రెండు మంది. కొత్తగా చేరిన వాళ్ళను సెలవుల్లోనే ఒక పూట బడికి పిలిపించాడు డ్రిల్లు మాస్టారు. చొక్కాల పనంతా బడి తరఫున ఆయనే చూస్తాడు. అన్నయ్య నడవలేడు. నేను వెళ్తానని ఎవరూ అనుకోలేదు, నేనూ అనలేదు. వదిన టేపు మెడలో వేసుకుని, కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళింది. వెళ్ళే ముందు అన్నయ్య ఆమెను మంచం దగ్గరికి పిలిచి ఏదో చెప్పాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

ఏం చెప్పాడో నాకు తెలుసనుకున్నాను.

సాయంత్రం ఆమె పుస్తకం నా బల్ల మీద పెట్టింది. ఆమె రాత గుండ్రంగా ఉంటుంది. ప్రతి పేరు ఎదురుగా ఛాతీ, భుజం, చెయ్యి, పొడవు. నేను ఆ పిల్లలెవరినీ చూడలేదు. కళ్ళతో చూసి సరిపోల్చుకోవటానికి నా ముందు ఒళ్ళు లేవు, అంకెలే ఉన్నాయి. అన్నయ్య నేర్పి పంపిన అంకెలు. నేను ఛాతీ కొలతలన్నింట్లోంచీ మూడేసి అంగుళాలు తీసి కోయటం మొదలుపెట్టాను. చూపు బాగా ఆనే పగటిపూటే కోశాను, తెల్ల సుద్దతోనే. ఒక్క గీత వంకర పోలేదు.

బడి తెరవటానికి పన్నెండు రోజులుందనగా డ్రిల్లు మాస్టారు, మేము కుట్టి పంపిన చొక్కాల మూటతో తిరిగి వచ్చాడు. మూట బల్ల మీద పెట్టి, ఒక చొక్కా తీసి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. మూడో గుండీ ఊడి ఉంది.

"చూశారా? పిల్లల్ని మళ్ళీ పిలిపించి తొడిగించాను. నిలబడితే బానే ఉంది. ఊపిరి పీలిస్తే గుండీ ఎగిరిపోతోంది. ఇక చేతులెత్తమన్నానా, చంకలో పర్రుమంటోంది. నా డ్రిల్లంతా చేతులెత్తటమేనండీ!"

"ఎన్ని?" అంది వదిన.

"ఆరో తరగతి మొత్తం. మిగతా క్లాసులవి బ్రహ్మాండం. ఆరో తరగతి మీద పగేమైనా ఉందా మీకు?"

ఆయన వెళ్ళాక వదిన చొక్కా బల్ల మీద పరిచి టేపు పెట్టింది. పుస్తకం తెరిచింది. ఇంకొక చొక్కా పరిచింది. ఇంకొకటి. ఆమె ఏమీ అనటం లేదు. అన్నయ్య గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అనండి" అన్నాను. "నా కళ్ళ వల్లే అనండి. గుడ్డివాడి చేతికి కత్తెరిచ్చామని అనండి."

"మూడంగుళాలు" అంది వదిన. "అన్నింట్లోనూ మూడే. కళ్ళ వల్ల అయితే ఇంత సమంగా రాదు." తల ఎత్తి నా వైపు చూసింది. "నా కొలతలోంచి మూడంగుళాలు ఎందుకు తీశావు?"

"ఎందుకో అన్నయ్యనడుగు. నాలుగు వారాల నుంచి నాకు కలిపి కలిపి చెబుతున్నాడు. మొదట ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు. నాకు తెలీదనుకుంటున్నాడు."

వదిన అన్నయ్య వైపు తిరిగింది. "మూడేసి అంగుళాలు కలిపారా?"

అన్నయ్య బల్ల మీద పరిచిన చొక్కాల వైపు చూశాడు. "మొదట నీలం గుడ్డతో నమూనాకి కుట్టిన రెండు చొక్కాలు అరంగుళం బిగువుగా వచ్చాయి" అన్నాడు. "గీత పక్కనించి కోశాడు. చెబితే, గుడ్డివాణ్ణంటావా అంటాడు. సరేలే, ఒక అంగుళం కలిపి చెబితే సర్దుకుంటుందనుకున్నాను. కలిపి చెప్పినా పాత కొలతకే వస్తున్నాయి. ఇంకా తక్కువ కోస్తున్నాడు, చూపు ఇంకా తగ్గుతోందేమో అనుకుని ఇంకొకటి కలిపాను. మూడోది కలిపేటప్పటికి నా మీద పంతానికి కోస్తున్నాడనిపించింది."

"నువ్వు కలుపుతున్నావని నేను తీస్తున్నాను."

"నాకెలా తెలుస్తుంది?"

"నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

"వెళ్ళేటప్పుడు నాకేం చెప్పారో చెప్పండి" అంది వదిన అన్నయ్యతో, నాకు వినపడాలని. అతను నేల చూపులు చూస్తుంటే తనే చెప్పింది. "'నువ్వు మాత్రం ఒంటి కొలతే రాయి, నీ అంకెలైతే వాడు నమ్ముతాడు. వాడితో నా ఆట నేను ఆడుకుంటాను, నువ్వు కలపకు' అన్నారు. నేను ఒంటి కొలతే రాశాను. ఒక్క దారం కలపలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఉంటే నాకు పట్టు దొరికేది. బల్ల మీద నలభై రెండు చొక్కాల మూట, పక్కన గుండ్రటి రాత. ఎక్కడ చూసినా నాది కాని తప్పు ఒక్కటి కూడా కనపడలేదు. అప్పుడు, ఎప్పటిలాగే, నాకు బాగా అలవాటైన దారిలోకి దూకాను.

"అంటే ఇక ఇద్దరం ఒక బల్ల దగ్గర పని చెయ్యలేమంటావు" అన్నాను అన్నయ్యతో. "వేరు పడదామంటావు."

అతను అనలేదు. అనబోవటం కూడా లేదు. 'నేనెప్పుడన్నాన్రా' అని అతను అంటాడని నాకు తెలుసు. దానికి కావలసిన చోటు వదిలే ఆ మాట అన్నాను.

అన్నయ్య గోడ మీంచి చెయ్యి తీసి ఒంటికాలి మీద నిలదొక్కుకున్నాడు.

"సరే" అన్నాడు.

వదిన సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించి, కొసకు ముడి వేసింది.

ఆ పన్నెండు రోజులూ ముగ్గురం కలిసి పనిచేశాం. చొక్కాల పక్క కుట్లు విప్పి, చంక నుంచి అంచు దాకా సన్నటి పట్టీలు అతికాం. అన్నయ్య పట్టీల వెడల్పు చెబితే నేను చెప్పినంతా రాసుకుని, రాసుకున్నంతే కోశాను. బడి తెరిచిన రోజు ఆరో తరగతి పిల్లలు మా వీధిలోంచే వెళ్ళారు. పట్టీలున్నట్టు తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. బొగ్గులాయన కొట్టు ముందు నిలబడి, "ఏమయ్యా, కలిసిపోయారా?" అన్నాడు.

ఆ ఆదివారం అన్నయ్యా వదినా రెండు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకుని వెళ్ళిపోయారు. ఒక మిషను, టేపు, వదిన కాజాల పెట్టె పట్టుకెళ్ళారు. బల్ల, కత్తెర, దీపం, కొలతల పుస్తకం నాకు వదిలారు. ఏది ఎవరిదని వాదన రాలేదు. నేను కొట్లాటకు సిద్ధంగా కూర్చున్నాను. వదిన వంటింట్లో పప్పు డబ్బా ఎక్కడ, ఉప్పు ఎక్కడ అని చూపించి, "పొయ్యి ఆర్పటం మర్చిపోకు" అంది. అంటే నేను ఇల్లు తగలబెడతానంటావా, అని నాలిక దాకా వచ్చింది. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

కొత్త టేపు కొన్నాను. నేనే కొలిచి, నేనే పైకి చెప్పి, బల్ల ఇటుపక్కకు వచ్చి నేనే రాసుకునేవాణ్ణి. పైకి ఎందుకు చెబుతున్నానని ఒకాయన వింతగా చూశాడు. భోజనానికి కూర్చుంటే కంచం చప్పుడు మరీ పెద్దగా వినిపించేది. ఒంటరిగా ఉన్నప్పుడు వాదన ఇంకా బాగా సాగుతుంది. అన్నయ్య చెప్పవలసినవన్నీ నేనే చెప్పి, నేనే జవాబిచ్చేవాణ్ణి. ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ణి. నెల రోజులు గెలిచాక ఒక పొద్దున్న కళ్ళాసుపత్రికి వెళ్ళాను.

అక్కడ డాక్టరమ్మ నా వయసున్న మనిషి. "ఏమిటి ఇబ్బంది?" అంది.

"సాయంత్రం పూట, ముదురు గుడ్డ మీద గీత సరిగ్గా ఆనటం లేదు" అన్నాను. "కాసేపు. అంతే."

చెప్పి ఆగిపోయాను. ఆవిడ ఆ మాటల్నే కాగితం మీద రాసుకుంది. నేను చెప్పినంతే, ఒక్క మాట కలపకుండా. తల ఎత్తి, "సరే, ఇక్కడ గడ్డం పెట్టండి" అంది. గుడ్డివాడివయ్యావనలేదు. ఆ యంత్రంలో గడ్డం పెట్టి, చీకట్లో ఒక చిన్న వెలుగు చుక్కను చూస్తూ అనుకున్నాను. అన్నయ్య ఆ రోజు అన్న చిన్న మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. నేను తయారు చేసుకున్న పెద్ద మాటకైతే బోలెడు జవాబులు. అందుకే దాన్ని తయారు చేసుకున్నాను. చుక్క కాసేపు రెండుగా కనపడి మళ్ళీ ఒకటయింది.

అద్దాలు వచ్చిన రోజు సాయంత్రం రెండున్నర గజాల చొక్కా గుడ్డ కాగితంలో చుట్టుకుని బయల్దేరాను. అన్నయ్య గది ముందు బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదు? తిరిగి వద్దామనా, లేక నేను చూడకూడదనా? రెండు వీధులు నడిచేలోపు ఇలాంటివి పది అనుకున్నాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల మిషను ఆగింది.

"రావయ్యా" అంది వదిన. నా మొహం మీద అద్దాలు చూసింది.

అన్నయ్య కాగితం చుట్ట వైపు చూశాడు. "ఏమిటి?"

"చొక్కా."

"నువ్వే కుట్టుకోవచ్చుగా."

"కుట్టుకోవచ్చు. కొలత తీసుకోలేను. చెయ్యి ఎత్తితే టేపు జారిపోతోంది."

"అంటే నేను లేకపోతే నీకు..." అని మొదలుపెట్టాడు అన్నయ్య. ఆ వాక్యం ఎటు పోతుందో నాకు తెలుసు, అతనికీ తెలుసు. మధ్యలో నోరు మూసుకుని, మెడలో టేపు కొసలు రెండూ పట్టుకుని నిలబడ్డాడు.

"సాయంత్రం పూట గీత సరిగ్గా ఆనటం లేదన్నయ్యా" అన్నాను. "ఎండాకాలం నుంచీ."

"ఊఁ" అన్నాడు.

టేపు మెడలోంచి తీసి, "చేతులెత్తు" అన్నాడు.

వదిన ఒక పాత నోటుపుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. నేను చేతులెత్తాను. అన్నయ్య టేపు నా వీపు వెనక నుంచి తెచ్చి ఛాతీ మీద కలిపి, వేలు ఆనించాడు. అతను తల వంచితే నెత్తి మీద జుట్టు ఎంత పలచబడిందో కొత్త అద్దాల్లోంచి స్పష్టంగా కనిపించింది. అంకె ఎంత చెబుతాడో, ఒంటి కొలతే చెబుతాడో, కలుపుతాడో, నాకు అక్కణ్ణుంచి టేపు కనపడదు. ఛాతీ దానంతటదే పొంగి ఉంది. ముప్ఫై ఏళ్ళు బల్ల ఇటుపక్కన నిలబడి ఆ పని చేసే వాళ్ళందరినీ చూసి లోపల నవ్వుకున్నవాణ్ణి.

అన్నయ్య అంకె చెప్పలేదు. ఊపిరి వదలమని కూడా చెప్పలేదు. ఊరికే ఆగాడు.

ఊపిరి వదిలేశాను.